అక్వేరియం చేపల ఎంపిక: రంగు కంటె ముందు నీటిని చూడాలి

వ్యవసాయానికి అనుబంధంగా అలంకార చేపల పెంపకాన్ని చేపట్టవలసిందిగా గ్రామీణ మహిళలకు, యువతకు సూచించడం విస్తరణ కార్యక్రమాలలో పరిపాటి అయింది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన, పెరటి యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయాన్ని నిర్ణయించి మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అందులో 60 శాతం, ఇతరులకు 40 శాతం రాయితీగా కల్పించింది. మిగిలిన సొమ్ము లబ్ధిదారు సమకూర్చుకోవలసినదే. అందుచేత ఏ చేపలను పెంచాలి, మొక్కలతో కూడిన ఒకే తొట్టిలో ఏవి కలిసి బ్రతుకుతాయి అన్న ప్రశ్న కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. ఒక కుటుంబపు పెట్టుబడికి సంబంధించినది.

ప్రస్తుతం ఈ ఎంపిక రంగుతో మొదలై స్వభావంతో ముగుస్తున్నది. ఏది దేనిని కరుస్తుంది, ఏది దేనిని మింగుతుంది అని చెప్పే పట్టికలు దుకాణాలలో దొరుకుతాయి. అవి అవసరమే. టైగర్ బార్బ్ చేపలు ఏంజెల్, గౌరామి వంటి నెమ్మదైన చేపల రెక్కలను కొరుకుతాయి. పెరిగిన ఏంజెల్ చేప చిన్న నియాన్ టెట్రాలను ఆహారంగా భావిస్తుంది. రెండు మగ ఫైటర్ చేపలను ఒకచోట ఉంచరాదు. అయితే ఈ పట్టికలు తెలుపని విషయం ఒకటున్నది. పరస్పరం పొత్తు కుదిరిన చేపలకు సైతం ముందుగా నీటితో పొత్తు కుదరాలి. గుంటూరు, ప్రకాశం మైదానాలలో నిర్ణాయకమైనది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ ప్రాంతపు బోరు నీటిలో అధిక భాగం కఠిన జలం. పలుచోట్ల ఉప్పదనం కూడా ఎక్కువ. నీటిలో క్లోరైడు అధికమైతే ఆకు సరిగా కాలదని ప్రకాశం పొగాకు రైతుకు తెలుసు. అందుకే నారు నాటకముందే నీటిని పరీక్ష చేయిస్తాడు. పంటకు పాటించే ఈ క్రమాన్నే చేపకు కూడ పాటించాలి. నియాన్ టెట్రా, డిస్కస్ చేపలు అమెజాన్ పరీవాహకంలోని మృదువైన, ఆమ్ల గుణం గల నీటికి చెందినవి. మోలీ, గప్పీ, ప్లాటీ చేపలు కఠిన జలంలో సుఖంగా పెరుగుతాయి. ఈ రెండు వర్గాలూ శాంత స్వభావం గలవే కనుక పట్టిక ప్రకారం కలిపి ఉంచవచ్చు. నీటి ప్రకారం కలుపరాదు.

కేంద్రాలలో తరతరాలుగా పెంచిన నియాన్ టెట్రాలు కఠిన జలానికి అలవాటు పడ్డాయి గదా అని కొందరు వాదించవచ్చు. అలవాటు పడి జీవించడం వేరు, సంతానోత్పత్తి వేరు. వాటి గ్రుడ్లు చక్కగా పొదగడానికి మృదు జలం కావాలి. పిల్లలను అమ్మి జీవించవలసిన యూనిట్‌కు ఈ భేదమే లాభనష్టాలను నిర్ణయిస్తుంది. ఆర్.ఓ. యంత్రంతో నీటిని మృదువుగా చేయవచ్చునన్నది మరొక సమాధానం. ఫ్లోరైడు పీడిత గ్రామాలున్న కనిగిరి, పొదిలి ప్రాంతాలలో త్రాగునీటికే ఆ యంత్రాలపై ఆధారపడుతున్నారు. అక్కడ చేపల కోసం నీటిని శుద్ధి చేసి, అందులో కొంత భాగాన్ని వ్యర్థంగా వదలివేయమనడం సమంజసం కాదు.

కఠినత్వం తెలుసుకొనడానికి కొత్త ప్రయోగశాల అక్కరలేదు. సాగునీటి పరీక్షా నివేదికలో కాల్షియం, మెగ్నీషియంల మొత్తం లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో ఉంటుంది. దానిని 50తో గుణిస్తే కాల్షియం కార్బొనేట్ రూపంలో కఠినత్వం మిల్లీగ్రాములలో వస్తుంది. ఉదాహరణకు ఆ మొత్తం 8 అయితే కఠినత్వం 400 మిల్లీగ్రాములు. ఆ నీరు మోలీలకు అనుకూలం, డిస్కస్‌కు కాదు. విద్యుత్ వాహకత డెసీ సైమన్లలో 2 ఉంటే, 640తో గుణించగా కరిగిన లవణాలు సుమారు 1280 మిల్లీగ్రాములని తేలుతుంది.

ఉదజని సూచిక ప్రాముఖ్యం మన పాఠకులకు మరింత సులభంగా బోధపడుతుంది. క్షార నేలలో పైపాటుగా చల్లిన యూరియా నుండి అమ్మోనియా ఆవిరై పోవడానికి కారణమైన రసాయన చర్యే తొట్టిలోనూ జరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో సుమారు అర శాతమే విషపు రూపంలో ఉంటుంది. 8 వద్ద 5 శాతం, 8.5 వద్ద 15 శాతం అవుతుంది. వేడి పెరిగితే ఆ భాగం ఇంకా పెరుగుతుంది. అదే సమయంలో నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు పట్టే మంచినీరు 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములే పట్టగలదు. రెంటచింతల ఎండలు ఎరిగిన ప్రాంతంలో చేపలను క్రిక్కిరిసి ఉంచరాదనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. చల్లని నీటిని కోరే గోల్డ్ ఫిష్‌ను ఉష్ణమండల చేపలతో కలపడం కూడ ఇందువల్లనే తగదు. పైగా అది మొక్కలను తినివేస్తుంది.

మొక్కలు అమ్మోనియాను గ్రహించి మేలు చేస్తాయి. రాత్రివేళ మాత్రం అవి కూడ ప్రాణవాయువును వినియోగిస్తాయి. వాలిస్నేరియా, హైడ్రిల్లా బైకార్బొనేట్ల నుండి కర్బనాన్ని తీసుకొనగలవు కనుక మన బోరు నీటికి తగినవి. వీటి నడుమ ప్లాటీలను, మోలీలను, ఆరు తక్కువ కాకుండా జీబ్రా డానియోల గుంపును పెంచవచ్చు. జీబ్రా డానియో మన దేశపు చేపయే. మన చెరువులలోని పరిగెలకు బంధువైన రోజీ బార్బ్ కూడ స్వదేశీయమే. లేత ఆకులను కొరికే అలవాటుండుటచే దానికి గట్టి ఆకుల మొక్కలు కావాలి.

చివరగా, ఏ జాబితాలోనూ చేర్చరాని చేప ఒకటున్నది. అద్దంపై పాచిని శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప తొట్టిలో వేసినప్పుడు వేలెడంత ఉంటుంది. పెరిగితే ఒకటిన్నర అడుగుల వరకు అవుతుంది. తొట్టి చాలక దానిని కాల్వలో వదలివేస్తారు. కృష్ణా నదిలోను, కొల్లేటిలోను దెయ్యపు చేప అన్న పేరుతో జాలరుల వలలను చింపుతున్నది ఇదే. తొట్టిలో పొత్తు కుదిరినా, తొట్టి వెలుపలి నీటితో పొత్తు కుదరని చేపను సిఫారసు చేయడం విస్తరణ ధర్మం కాదు.

అందుచేత రెండు సూచనలు. అలంకార చేపల యూనిట్‌ను సిఫారసు చేయకముందు లబ్ధిదారు బావి లేక బోరు నీటి పరీక్షా ఫలితాన్ని దరఖాస్తుకు జతపరచాలి. దానినిబట్టి జాతుల జాబితా ఇవ్వాలి. గ్రామీణ కార్యానుభవానికి వెళ్ళే విద్యార్థులు తాము సేకరించే నీటి నమూనాలకు కఠినత్వాన్ని కూడ లెక్కకట్టి, గ్రామంవారీగా నమోదు చేయాలి. నీటినిబట్టి పైరు అన్న సూత్రాన్ని రైతుకు బోధించే మనము, నీటినిబట్టి చేప అని చెప్పడానికి సంకోచించనవసరం లేదు.