గోదావరి ఎదురెక్కి వచ్చే బోధకుణ్ణి ఏం అడగాలి?



రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు మన గూడేలకు మైదానం నుంచి బోధకులు వస్తూనే ఉంటారు. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. చేతిలో బైబిలు, బండి వెనక స్పీకర్ బాక్సు. వాళ్ళ గురించి మనలో రెండే మాటలు వినబడుతున్నాయి. ఒకటి: "వచ్చిన ప్రతివాడూ మోసగాడే, తరిమేయండి." రెండోది: "దైవజనుణ్ణి ప్రశ్నించకూడదు, పాపం తగులుద్ది."

రెండూ తప్పే. మొదటిది రాజ్యాంగం 25వ అధికరణం మనకిచ్చిన హక్కును మన చేతులతోనే చింపేస్తుంది. నమ్మాలో వద్దో తేల్చుకునే తెలివి ఆదివాసీకి లేదని చెప్పడమే అది. రెండోది మన నోరు కుట్టేస్తుంది.

నా వాదన ఇది. ఒక క్రైస్తవ బోధ నమ్మకమైనదా, ప్రేమగలదా అని తేల్చడానికి గొంతు ఎంత పెద్దదో చూడొద్దు. ఎంతమంది నీళ్ళలో మునిగారో లెక్కపెట్టొద్దు. ఆ బోధ ఖర్చు ఎవరి మీద పడిందో చూడండి. చెప్పేవాడు భరిస్తే అందులో ప్రేమ ఉంది. వినేవాడి డబ్బు, పరువు, చుట్టరికం, భూమి పోతుంటే దాని పేరు వేరే. ఈ కొలత నేను కల్పించింది కాదు, వాళ్ళ గ్రంథంలోదే. దాన్ని పట్టుకుని బోధకుణ్ణి మూడు ప్రశ్నలు అడుగుదాం.

మొదటి ప్రశ్న: అయ్యగారూ, మీ కూడు ఎవరు పెడుతున్నారు?

కోనసీమలో ఈ బోధ ఎలా మొదలైందో చూడండి. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్ళు భార్యలతో సహా బయల్దేరారు. విలియం బౌడెన్ రాళ్ళు చెక్కే పనివాడు. జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. నెలనెలా జీతం పంపే మిషన్ సొసైటీ ఏదీ వెనక లేదు. నరసాపురం, పాలకొల్లు కేంద్రంగా వాళ్ళు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. నరసాపురం రేవు దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి రాజోలు, అమలాపురం. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్ళు మోసే, మట్టి తవ్వే కూలీల మధ్యకు వెళ్ళి చెప్పారు. బీర్ 1853లో ఈ గడ్డ మీదే చనిపోయాడు.

వాళ్ళకు దండలెయ్యమని నేననడం లేదు. కంపెనీ దొరతనం నీడలో వచ్చినవాళ్ళే. ఆనకట్ట నీళ్ళు ఎవరి పొలాలకు పారాయో, తవ్వినవాళ్ళకు ఎంత దక్కిందో మనకు తెలుసు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. వాళ్ళ బోధకు ఖర్చు వాళ్ళే పెట్టుకున్నారు. ఇల్లు, ఊరు, ఆరోగ్యం, ప్రాణం. నరసాపురంలో కుష్ఠు రోగుల కోసం బెతెస్ద ఆసుపత్రి వచ్చింది కూడా ఆ మిషన్ పనిలోంచే. లోకం ముట్టుకోని మనిషి పుండు కడగడం కూడా వాళ్ళకు బోధే.

ఇప్పుడు అదే నేల మీద వినబడే ఇంకో బోధ చూడండి. కొబ్బరి వలుపు కార్మికుడి రోజు కూలిలో పదో వంతు అడుగుతుంది. కువైట్‌లో ఇంటిపని చేసే తల్లి పంపిన డబ్బుకు "విత్తనం వెయ్యమ్మా, నూరంతలు వస్తుంది" అంటుంది. నూనె సీసా అమ్ముతుంది, షుగరు మాత్రలు మానేయమంటుంది. జబ్బు తగ్గకపోతే నీ విశ్వాసం చాల్లేదంటుంది. అంటే డబ్బూ మనదే, చావూ మనదే, నిందా మనదేనా?

పౌలు గుడారాలు కుట్టి పొట్టపోసుకుంటూ బోధించాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబవళ్ళు కష్టపడ్డానని ఆయనే లేఖలో రాసుకున్నాడు. కాబట్టి లెక్క అడగడం పాపం కాదు. లెక్క అడిగితే కోపం తెచ్చుకునే అయ్యగారు ఆ లేఖలు మళ్ళీ చదువుకోవాలి.

రెండో ప్రశ్న: మా తల్లిని ఏమంటారు?

మన గూడేల్లో గాయమయ్యేది ఇక్కడే. "మీ ముత్యాలమ్మ దయ్యం, మీ కొత్తల పండుగ సాతాను పండుగ, డోలు ముట్టుకోవద్దు, కొమ్ములు పెట్టుకుని ఆడొద్దు, పెద్దల రాళ్ళ దగ్గరికి పోవద్దు." ఇట్లాంటి బోధ తర్వాత అన్నదమ్ములు ఒకరింట్లో ఒకరు అన్నం తినడం మానేస్తారు. అమ్మ చనిపోతే పాతిపెట్టే తీరు మీద గొడవ.

దీన్ని నమ్మకమైన బోధ అంటారా? వాళ్ళ గ్రంథాన్నే అడుగుదాం. పౌలు ఏథెన్సులో నిలబడినప్పుడు అక్కడి బలిపీఠాన్ని తన్నలేదు. దాని మీదున్న రాతతోనే మాట మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటలే చెప్పాడు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు పట్టణపు కరణమే లేచి, ఈ మనుషులు మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పాడు. ఇది 19వ అధ్యాయంలో ఉంది. మరి మన ఊళ్ళో ఎవరైనా మీ గురించి ఆ సాక్ష్యం చెప్పగలరా అయ్యగారూ?

ఇంకా ముందుకెళ్ళండి. 15వ అధ్యాయంలో యెరూషలేములో పెద్ద పంచాయితీ జరిగింది. యూదులు కానివాళ్ళు యేసును నమ్మాలంటే ముందు యూదుల ఆచారంలోకి మారాలా అన్నది తగువు. అక్కర్లేదని తీర్పు చెప్పారు. అంటే గ్రీకువాడు గ్రీకువాడిగానే ఉండొచ్చు. మరి కోయవాడు యేసును నమ్మాలంటే ముందు కోనసీమ వాడైపోవాలా? పేరు మార్చుకోవాలా? కోయ మాట మానేసి తెలుగులోనే ప్రార్థన చెయ్యాలా?

19వ శతాబ్దంలో ఇదే గోదావరి ఎగువన, దుమ్ముగూడెంలో, చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ పనిచేశాడు. కోయ భాష నేర్చుకుని లూకా సువార్తను అందులోకి తెచ్చాడు. నూటపాతికేళ్ళు దాటాక, కోయలో ఒక్క ముక్క రాకుండా మైకు పట్టుకుని వచ్చేవాళ్ళు ఆ మాత్రం ఓపిక కూడా చూపలేరా? మనిషి భాష నేర్చుకోవడం ప్రేమకు మొదటి కూలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చట్టం సంగతి కూడా చెవిన వేసుకోండి. ఎస్సీలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతంతో ముడిపెట్టింది. అందుకే క్రైస్తవం తీసుకున్న కోనసీమ మాల, మాదిగలకు కాగితం మీద ఎస్సీ హోదా పోయి, ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ మిగులుతుంది. పేట మాత్రం పేటగానే ఉంటుంది. ఎస్టీలకు ఆ ముడి లేదు. కానీ 2004లో కేరళకు చెందిన చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదు, అయితే ఆ మనిషి ఇంకా తెగ ఆచార సంప్రదాయాలు పాటిస్తున్నాడా, వెనకబాటును అనుభవిస్తున్నాడా అన్నది చూడాలంది. అర్థమైందా? "డోలు వదిలెయ్, పండుగ వదిలెయ్, కులపెద్దను వదిలెయ్" అని చెప్పే బోధకుడు తనకు తెలియకుండానే నీ ఎస్టీ హోదా మీద కత్తి పెడుతున్నాడు. మతం మారిన ఆదివాసుల్ని జాబితా నుంచి తీసేయాలని డీలిస్టింగ్ సభలు పెట్టేవాళ్ళకు కావలసిన సాక్ష్యం ఆయనే తయారుచేసి ఇస్తున్నాడు.

మూడో ప్రశ్న: మంట పడిన రోజు ఎక్కడుంటారు?

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు నిలువునా కాలాయి. అలాంటి చోట "ఇది దేవుని చిత్తం" అని చెప్పి వెళ్ళిపోవడం తేలిక. పైపు ఎందుకు లీకైందో, ఎవరు పట్టించుకోలేదో బాధితుల పక్కన నిలబడి అడగడం కష్టం.

2022 మే 24న జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు నిలిచింది, కానీ ఆ ద్వేషం చల్లారిందని ఎవరనగలరు? దళితులతో నిండే చర్చిల్లో ఆ తర్వాతి ఆదివారం ఏ వాక్యం చెప్పాలి? పరలోకం గురించి మాత్రమే చెప్పి పంపిస్తే అది నమ్మకమైన బోధ ఎలా అవుద్ది?

ఇంకో ఉదాహరణ ఉంది. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మీద హత్యాకాండ జరిగినప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయినవాళ్ళు చీరాలలో చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఏడు రాష్ట్రంలో ఎన్ని ప్రసంగాలు జరిగాయో గానీ, తెరిచిన ఆ గేటును మించిన ప్రసంగం లేదు.

యేసు నజరేతులో మొదటిసారి చదివి వినిపించింది పేదలకు శుభవార్త, చెరలో ఉన్నవాళ్ళకు విడుదల. అదే రోజు ఊరివాళ్ళు ఆయన్ను కొండకొమ్ము మీంచి తోసెయ్యబోయారు. లూకా 4వ అధ్యాయం. ఏ దొరకూ, ఏ కంపెనీకీ, ఏ కాంట్రాక్టరుకూ ఎప్పుడూ ఇబ్బంది కలగని బోధ ఆ యేసుదేనా? పోలవరం నీళ్ళు ఎగదన్ని దేవీపట్నం గూడేలు మునిగాయి. మీ ప్రార్థనలో పునరావాసం అనే మాట వచ్చిందా? 1/70 చట్టం ఉన్నా గిరిజనేతరుల చేతుల్లోకి పోతున్న భూమి గురించి ఒక్క ఆదివారం మాట్లాడారా?

ఒక్కటి నిజాయితీగా చెప్పాలి. కోనసీమ పేటల్లో చాలామందికి మొదటి పలక, మొదటి పుస్తకం, పేరు చివర "గారు" అనే పిలుపు చర్చిలోనే దొరికాయి. అది చిన్న విషయం కాదు. ఆ గౌరవాన్ని పంచినవాళ్ళ వారసులు మన దగ్గరికొచ్చి మనల్ని చీకట్లో ఉన్నవాళ్ళని పిలిస్తే మరీ బాధ. మన సంస్కృతిని కాపాడతామంటూ వచ్చి, భూమి, ముంపు, అడవి మాటెత్తగానే మాయమయ్యే డీలిస్టింగ్ పెద్దమనుషులకూ ఇదే కొలత. మా కోసం మీరేం పోగొట్టుకున్నారు?

కాబట్టి ఎవర్నీ కొట్టొద్దు, తరమొద్దు. 1996 పెసా చట్టం మన ఆచారాల్ని కాపాడుకునే బాధ్యత గ్రామసభకిచ్చింది. అది ఎవరి నమ్మకాన్నీ నిషేధించే కర్ర కాదు. బోధకుణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈ మూడు ప్రశ్నలు అందరి ముందూ అడగండి. యేసును నమ్మిన మన పిల్లలారా, మీరు ఇంకా గట్టిగా అడగండి. డోలు దించకండి, కొత్తల పండుగ నాడు మీ అన్న ఇంట్లో అన్నం తినండి, కోయలోనే ప్రార్థన చేసుకోండి. జవాబు చెప్పగలిగిన అయ్యగారు ఉంటే ఉండనివ్వండి. వచ్చే వరదకు మనతో పాటు గుట్ట ఎక్కుతాడో, ముందే బండెక్కి దిగువకు పోతాడో చూద్దాం.