అనాదిగా అంటే ఎవరు చేసినట్టు?

పేటెంట్ల చరిత్ర మీద ఎక్కడ చర్చ జరిగినా ఆడవాళ్ళ ముందుకు ఒక ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. "ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ రిజిస్టర్లు ఉన్నాయి కదా, వాటిలో మీ తెలుగు ఆడవాళ్ళ పేర్లు చూపించండి" అంటారు. అడిగేవాళ్ళు మర్యాదగానే అడుగుతారు. జవాబుగా మనం రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాం. ఎక్కడో ఒక "మొదటి మహిళ"ను వెతికి తెచ్చి నిలబెట్టడానికి పరిగెత్తుతాం. లేదంటే "చదువు లేదు, ఆస్తి లేదు, అవకాశం లేదు, అందుకే కనిపెట్టలేదు" అని ఒప్పేసుకుంటాం. రెండూ ఒకటే. రెండింటిలోనూ రిజిస్టరే కొలమానం. ఆ కొలమానాన్ని ఎవరు, ఎవరికోసం తయారుచేశారన్న ప్రశ్న మాత్రం పక్కకు పోతుంది.

అక్కడినుంచే మొదలుపెడదాం. మన దేశంలో ఆవిష్కరణలకు ప్రత్యేక హక్కులిచ్చే మొదటి చట్టం 1856లో వచ్చింది. బ్రిటన్ 1852 చట్టాన్ని చూసి రాసుకున్నది. రాణిగారి అనుమతి లేకుండా చేశారని మరుసటి ఏడాదే దాన్ని రద్దుచేసి, 1859లో మళ్ళీ తెచ్చారు. ఆ తర్వాత 1872, 1883, 1888, చివరికి 1911. చట్టాలెన్ని మారినా దారి ఒకటే. కనిపెట్టినవాడు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలి, తాను చేసినదాన్ని వివరంగా రాసి దాఖలు చేయాలి, అది కొత్తదని చెప్పుకోవాలి. హక్కు 14 ఏళ్ళు. 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. రాసి ఇస్తేనే ఆవిష్కరణ అన్న నిబంధన ఎవరిని గడప బయటే ఆపేస్తుందో వేరే చెప్పాలా?

1856లో ఆ చట్టం కింద మొట్టమొదటి అర్జీ పెట్టినవాడు కలకత్తాలోని జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు. ఆయన చేసింది పంకా లాగే యంత్రం. దొరల నెత్తిమీది పంకాను రాత్రింబవళ్ళు తాడుతో లాగిన కూలివాడి చెయ్యి వలస రాజ్యపు పేటెంట్ చరిత్రలో మొదటి "సమస్య" అయింది. దొర పక్కనే ఆ చెయ్యి ఉండబట్టి, అది ఆగితే దొరకు చెమట పట్టబట్టి అది కనిపించింది. అదే కాలంలో తిరగలి తిప్పిన చేతులు, రోకలి ఎత్తిన చేతులు, చేంతాడు లాగిన చేతులు లక్షల్లో ఉన్నాయి. అవి ఆగితే ఇబ్బంది పడేవాళ్ళెవరూ పేటెంటు ఆఫీసుకు అర్జీ రాసే ఇళ్ళలో లేరు.

ఇది ఒక్క హిందూదేశం కథ కాదు. ఇంకో వలసను చూడండి. 1715లో, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, ఫిలడెల్ఫియా నుంచి సిబిల్లా మాస్టర్స్ అనే ఆమె లండన్ దాకా వెళ్ళి మొక్కజొన్నను శుభ్రంచేసి పిండిచేసే పద్ధతికి పేటెంటు సంపాదించింది. పేటెంటు మాత్రం భర్త థామస్ పేరు మీద వచ్చింది. కనిపెట్టింది ఆయన భార్య సిబిల్లా అని ఆ పత్రంలోనే రాశారు, హక్కు ఆయనకిచ్చారు. పెళ్ళయిన స్త్రీకి విడిగా ఆస్తి ఉండడానికి ఆనాటి ఇంగ్లీషు న్యాయం ఒప్పుకోదు మరి.

స్త్రీవాద చరిత్రల్లో ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. ఇంకో మెట్టు దిగి చూడాలి. సిబిల్లా పద్ధతిలో జొన్నను రాళ్ళ మధ్య విసరరు, దంచుతారు. దంచడం ఆ నేల మీద ఆదివాసీ స్త్రీలు రోట్లో రోకలితో చేసుకుంటున్న పనే. తయారైన పిండిని ఆమె "టస్కరోరా రైస్" అని అమ్మింది. టస్కరోరా ఒక ఆదివాసీ జాతి పేరు. భర్త పేరు హక్కుపత్రం మీద, భార్య పేరు పత్రం లోపల, ఆదివాసీల పేరు సరుకు మీద. ఆ రోకలి పట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. "మొదటి మహిళ" కోసం వెతికే మనం సిబిల్లా దగ్గర ఆగిపోతే, థామస్ చేసినదాన్నే మనమూ చేసినట్టు.

ఇక మన నేలకు వద్దాం. నేనీ మాటలు రాస్తున్న కణేకల్ వలస కాలంలో మద్రాసు రాజధానిలో, బళ్ళారి జిల్లా రాయదుర్గం తాలూకాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంతోపాటు అనంతపురంలో కలిసింది. ఇక్కడ వాన నమ్మకం లేనిది. చెరువు కింద, తుంగభద్ర ఎగువ కాలువ కింద తడిసే నేల పోగా మిగిలిందంతా మెట్ట. మెట్టలో విత్తనం అంటే అప్పు. ఒక్క పదునులో విత్తాలి, ఆ పదును దాటితే ఆ ఏడు లేదు.

ఈ మెట్టలో విత్తే సాధనం గొర్రు. 1790లలో గుంటూరు సీమలో థామస్ హాల్కాట్ అనే కెప్టెన్ పొలాల మీదుగా పోతూ గొర్రుతో విత్తడం చూసి ఆశ్చర్యపోయాడు. సాళ్ళలో విత్తే యంత్రం ఐరోపావాళ్ళ కొత్త ఆవిష్కరణ అని ఆయన అప్పటిదాకా అనుకున్నాడు. విచారిస్తే ఇక్కడ అది అందరి దగ్గరా ఉందనీ, అనాదిగా ఉందనీ తెలిసింది. ఆయన ఉత్తరాలు 1797లో ఇంగ్లండులోని వ్యవసాయ బోర్డు ప్రచురణలో అచ్చయ్యాయి. ధరంపాల్ 1971లో తెచ్చిన సంకలనం వల్ల మనకు మళ్ళీ దొరికాయి.

ఆ కథ చదివినప్పుడల్లా మనవాళ్ళ ఛాతీ ఉప్పొంగుతుంది. నాకు మాత్రం "అనాదిగా" అన్న మాట దగ్గర అడుగు ఆగిపోతుంది. పైకి అది పొగడ్త. కానీ చట్టం భాషలో దాని అర్థమేమిటి? ఆదిలేనిదానికి కర్త లేడు. కర్త లేనిది ఎవరి ఆవిష్కరణా కాదు. ఎవరిదీ కానిదాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. ఇంగ్లండులో విత్తన యంత్రానికి జెత్రో టల్ అనే పేరుంది, 1701 అనే ఏడుంది. మన గొర్రుకు "అనాది" ఉంది.

గొర్రును ఆడమనిషే కనిపెట్టిందని నేననడం లేదు. అట్లా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవసరమూ లేదు. కానీ గొర్రు అంటే కర్ర, గొట్టాలు మాత్రమేనా? మగవాళ్ళు ఎద్దులను తోలుతుంటే వెనకే నడుస్తూ జడ్డిగంలోకి గింజలు విడిచేది ఆడవాళ్ళు. పిడికిలి కాస్త ఎక్కువ వదిలితే విత్తనం దండగ, కాస్త తక్కువ వదిలితే సాలులో బోడి. ఎద్దుల నడకను బట్టి, నేల తడిని బట్టి, గింజ సైజును బట్టి పిడికిలి మారుతుంది. సాలులో మొక్కకూ మొక్కకూ మధ్య దూరాన్ని తేల్చేది ఆ పిడికిలే. గొర్రు బొమ్మ గీసి స్పెసిఫికేషన్ రాస్తే అందులో కర్ర వస్తుంది, గొట్టం వస్తుంది, పిడికిలి రాదు. పేటెంటు భాషకు పిడికిలి "వాడకం" మాత్రమే. యంత్రంలో భాగం కాదు.

ఈ నేలదే మరో ఉదాహరణ. సీమలో బావినీళ్ళు కపిలతో తోడేవాళ్ళు. ఎద్దులు లాగితే తోలు బాన పైకొచ్చేది. ఆ తోలును తంగేడు చెక్కతో పదునుచేసింది మాదిగ ఇళ్ళ ఆడా మగా. అదే తంగేడు చెక్కతో పదునైన తోళ్ళు మద్రాసు రేవు నుంచి పడమటి దేశాలకు ఎగుమతి అయ్యాయి. 1884లో న్యూయార్క్‌లో అగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలు పదునుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1903లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ తోలు ప్రయోగాలు మొదలుపెట్టాడు. షుల్జ్‌ది ఆవిష్కరణ, ఛాటర్టన్‌ది పరిశ్రమ, తంగేడు చెక్కది "కులవృత్తి". ఏ చెక్క ఎప్పుడు కొట్టాలి, ఎన్ని రోజులు నానబెట్టాలి, ఎప్పుడు నీళ్ళు మార్చాలి అన్నది రసాయనశాస్త్రం కాకపోతే మరేమిటి? అంటరానితనం ఆ చేతులను ఎంత దూరం పెట్టిందంటే, వాళ్ళ జ్ఞానాన్ని జ్ఞానం అనడానికి మన స్త్రీవాద వ్యాసాలకు కూడా చాలాకాలం నోరు రాలేదు. "అనాది" అన్న మాట అందరినీ ఒకేలా చెరపదు. కులం మెట్టు దిగేకొద్దీ మరింత నున్నగా చెరుపుతుంది.

రచయిత్రులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన చట్టం ఒకటుంది. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. సాహిత్య, కళా, శాస్త్ర నైపుణ్యంతో పెళ్ళయిన స్త్రీ సంపాదించుకున్నది ఆమె సొంతమే అంది ఆ చట్టం. వినడానికి ఎంత బాగుందో! కానీ పెళ్ళినాటికి హిందువులు, ముస్లిములు, బౌద్ధులు, సిక్కులు, జైనులు అయిన స్త్రీలకు అది వర్తించదని రెండో సెక్షనులోనే రాశారు. అంటే ఈ దేశంలో దాదాపు ఆడవాళ్ళందరికీ వర్తించదని. దొర తన ఇంటి ఆడవాళ్ళకు హక్కు రాసుకున్నాడు, మన మగపెద్దల జోలికి పోకుండా మనల్ని వాళ్ళకే వదిలేశాడు.

"అదంతా వలస కాలం, ఇప్పుడు మన చట్టాలు మనవే కదా" అనేవాళ్ళున్నారు. 1995లో గాయాలకు పసుపు వాడడం మీద అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పోరాడి 1997లో రద్దు చేయించింది. ఏ సాక్ష్యంతో? ఒక సంస్కృత గ్రంథం, 1953లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం. తెగిన వేలికి పసుపు అద్దిన కోట్ల మంది అమ్మలు సాక్షులుగా పనికిరాలేదు. ఆనాటి అమెరికా చట్టం పరాయి దేశంలోని వాడకాన్ని లెక్కచేయదు, అచ్చునే లెక్కచేస్తుంది. వేపనూనె మీద ఐరోపా పేటెంటును వందనా శివ, మాగ్దా ఏల్వూట్, లిండా బుల్లార్డ్ అనే ముగ్గురు స్త్రీలు పట్టుబట్టి పోరాడారు. 2000లో అది రద్దయింది, 2005 మార్చి 8న అప్పీలు కూడా ఓడిపోయింది. మహిళా దినం నాడు వచ్చిన ఆ గెలుపు మనది. కానీ ఆ గెలుపు "ఇది కొత్తదేమీ కాదు" అని నిరూపించిన గెలుపు. "ఇది వీళ్ళు చేసినది" అని నిరూపించిన గెలుపు కాదు. సంప్రదాయ జ్ఞానాన్ని దొంగలనుంచి కాపాడడానికి 2001లో మొదలైన డిజిటల్ గ్రంథాలయం కూడా సంస్కృత, అరబీ, పారశీక, తమిళ గ్రంథాలను ఆధారం చేసుకున్నదే. గ్రంథం లేని అవ్వకు అందులో చోటెక్కడ? మన పేటెంటు చట్టంలో 2002 సవరణ చేర్చిన మాట ప్రకారం సంప్రదాయ జ్ఞానం అసలు ఆవిష్కరణే కాదు. దోపిడీని ఆపడానికి పెట్టిన కంచె అది, అవసరమే. కానీ కంచె లోపల ఉన్నవాళ్ళకు పేరు పెట్టదు.

తెలుగు నేల మీద అందరూ గర్వంగా చెప్పుకునే పేటెంటు లక్ష్మీ ఆసు యంత్రానిది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు పోస్తూ తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో యంత్రం చేశాడు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. డిపెన్నింగ్ దొర సుఖం కోసం చేస్తే మల్లేశం అమ్మ నొప్పి కోసం చేశాడు. ఆ తేడా చిన్నది కాదు, ఆయన గౌరవానికి అన్నివిధాలా అర్హుడు. నా పేచీ ఆయనతో కాదు, మనం ఆ కథ చెప్పుకునే తీరుతో. ఆ కథలో లక్ష్మి నొప్పి మాత్రమే. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి తిప్పుతూ, ఏ కొయ్య మీదికి ఏ దారం పోవాలో, బిగి ఎంత ఉండాలో తప్పకుండా నడిపిన మనిషి ఆ పనిలో పండితురాలు. యంత్రం నేర్చుకున్నది ఆ చేతి కదలికనే. కొడుకు తల్లి పేరు ప్రేమతో పెట్టుకున్నాడు. చట్టం దగ్గర మాత్రం ఆ పేరుకు సరుకు మీది పేరుగా తప్ప చోటు లేదు. టస్కరోరా పిండి నాటి నుంచీ ఇదే పద్ధతి.

"అయితే అవ్వలందరికీ పేటెంట్లు ఇప్పించమంటావా?" అని ఎకసెక్కంగా అడుగుతారని తెలుసు. వద్దు. పక్కింటామె పసుపు అద్దుకోవడానికి నా అనుమతి తీసుకోవాలని కోరే సమాజం నాకు అక్కర్లేదు. విత్తనం చేతులు మారుతూనే బతికింది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, చిరుధాన్యాల విత్తనాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుని నిలబెట్టారు, తాళం వేసి కాదు. నేనడిగేది యాజమాన్యం కాదు, కర్తృత్వం. ఈ రెంటినీ ముడివేసింది పేటెంటు చట్టం. మనం విడదీయాలి.

అందుకు సాహిత్య పరిశోధకులం చేయగల పని ఉంది. తెలుగు కథ 1910లో "దిద్దుబాటు"తో పుట్టిందని దశాబ్దాలపాటు చదువుకున్నాం. 1902లో భండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" రాసిందని స్త్రీవాదులు చెప్పి చెప్పి ఒప్పించవలసి వచ్చింది. అచ్చులో ఉన్న కథకే ఇంత కష్టమైతే అచ్చులో లేని పనికి ఎంత కష్టం? అయినా మన సిద్ధాంత వ్యాసాల్లో "శ్రామిక స్త్రీల పాటలు" అనే అధ్యాయం రాసేటప్పుడు మనమే "అనాదిగా", "పరంపరగా", "అజ్ఞాత కర్తృకం" అని రాసి పేజీ తిప్పేస్తున్నాం. పాడినామె పేరు, ఊరు, కులం, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది, అందులో తాను ఏమి మార్చింది అన్నవి అడగకుండానే రాస్తున్నాం. విసురురాయి పాటలో రాగం, శ్రమ, దుఃఖం వెతుకుతాం. తిరగలికి గంట్లు ఎప్పుడు కొట్టించాలన్న తెలివి వెతకం.

జీవవైవిధ్య చట్టం 2002 కింద పంచాయతీల్లో ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేయాలి. మొక్క పేరు, వాడకం రాసే ఆ రిజిస్టర్లలో చెప్పినామె పేరు, ఆమె మాటల్లోనే, ఆమె మాండలికంలోనే ఉండాలని పట్టుబట్టే పని మనది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పిల్లలను ఊళ్ళకు పంపేటప్పుడు పాటతోపాటు పనిని కూడా రాసుకురమ్మనాలి. కొత్త యంత్రానికి బహుమతి ఇచ్చే ప్రతి సంస్థా "ఈ పని మీకు నేర్పిన వాళ్ళెవరు?" అనే గడి ఒకటి దరఖాస్తులో పెట్టాలని అడగాలి. ఇవేవీ చట్టం మారేదాకా ఆగవలసిన పనులు కావు.

ఈసారి ఎవరైనా రిజిస్టరులో మీ ఆడవాళ్ళ పేర్లేవని అడిగితే ఒక పేరు కోసం తడుముకోవద్దు. ఆ రిజిస్టరును రాసిన చెయ్యి ఎవరిదని తిరిగి అడుగుదాం. ఆపైన మన రిజిస్టరు మనం రాయడం మొదలుపెడదాం.