గోడ చెమ్మకు రంగు మందా?



మనది రాయలసీమ. చినుకు కోసం మబ్బు వంక చూసే ప్రాంతం. ఇక్కడి ఇళ్ళకు చెమ్మ బాధ ఏమిటని మీరు అడగవచ్చు. కాని చిత్తూరు జిల్లాలో ఈశాన్య ఋతుపవనాల వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి మీ పెద్దలను అడిగితే చెబుతారు. మా ఐరాల వంటి ఊళ్ళలో వేరుశనగ కాయలు ఇంటికి చేరేది కూడా సరిగా ఆ రోజుల్లోనే!

మీ ఇంటి గోడ అడుగు భాగం చూడండి. పెచ్చులు ఊడి, తెల్లని ఉప్పు పూసి ఉందా? అలా ఉంటే మనవాళ్ళు ఏం చేస్తారు? గీకించి, సిమెంటు పూయించి, పైన కొత్త రంగు వేయిస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. ఆ ఖర్చు నిజంగా గోడకు కొట్టిన సున్నమే. రోగం పునాదిలో ఉండగా మందు పైన పూస్తే ఏం లాభం?

నేలలోని నీరు గోడలోకి ఎలా ఎక్కుతుంది? దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లే. దీనినే కేశనాళికీయత అంటాం. 1 మిల్లీమీటరు వ్యాసం గల గాజు గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసం పదో వంతయితే 30 సెంటీమీటర్లు! ఇటుకలోని రంధ్రాలు ఇంకా సన్నవి. మంచి ఇటుక కూడా తన బరువులో 20 శాతం వరకు నీరు పీల్చవచ్చు. అంటే 3 కిలోల ఇటుకలో 600 గ్రాముల నీరు! అయితే గోడ పైభాగం నుండి నీరు ఆవిరవుతూ ఉంటుంది కనుక చెమ్మ ఒక ఎత్తున ఆగిపోతుంది. ఆ ఆవిరి పోయే దారిని సిమెంటుతో, రంగుతో మూసేస్తే నీరు ఊరుకుంటుందా? ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితో వచ్చిన లవణాలు స్ఫటికాలుగా మారి పూతను నెట్టి ఊడగొడతాయి.

గోడ అందం పోవడం చిన్న నష్టమే. ఇటుక రంధ్రాలలోని గాలి వేడిని సులభంగా పోనివ్వదు. దాని స్థానంలో నీరు చేరితే, నీటి ఉష్ణవాహకత గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువ కనుక, ఆ గోడ వేడిని గాని చలిని గాని ఆపలేదు. అమెరికాలో అనేక ఇళ్ళకు నేల కింద మనిషి పాకి వెళ్ళేటంత ఖాళీ ఉంటుంది. అక్కడ కూడా ముందు మట్టి మీద ప్లాస్టిక్ పట్టా పరచి చెమ్మను ఆపాలి, ఆ తరువాతే వేడిని ఆపే పొర వేయాలి అంటారు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. చెమ్మ గోడకు ఆనించిన మూటల్లో వేరుశనగకు బూజు పడుతుంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, కారణం వేరుశనగ పిండిలోని ఈ విషమేనని తేలింది. ఇది కాలేయానికి క్యాన్సర్ తెస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన చెక్క తిన్న ఆవు పాలలోకీ చేరుతుంది. పాడి మీద బ్రతికే మన జిల్లాకు ఇది చిన్న విషయమా?

ఒక ప్రయోగం చేయండి. రెండు ఇటుకలను ఒకదానిపై ఒకటి పెట్టి నీళ్ళ పళ్ళెంలో ఉంచండి. పక్కనే మరో జత పెట్టి, వాటి మధ్య పాలిథీన్ కాగితం పరచండి. మరునాడు రెండు జతల్లోనూ పై ఇటుకలను తాకి చూడండి. కాగితం ఉన్న జతలో పై ఇటుక పొడిగా ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు బేస్మట్టం మీద, గోడ లేపే ముందు, సుమారు 4 సెంటీమీటర్ల మందాన నీరు చొరని కాంక్రీటు పొర వేయమనేది ఇందుకే. ఖర్చు తగ్గుతుందని దీనిని వదిలేయడం, నా ఉద్దేశంలో, తప్పుడు పొదుపు. ఆనాడు మిగిల్చినదానికి ఎన్నో రెట్లు తరువాత రంగులకు పోతుంది.

ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే? వాననీరు గోడ వైపు కాక అవతలికి పారేలా వాకిలి వాలు సరిచేయండి. అంట్లు తోమే చోటు గోడకు దూరంగా పెట్టండి. మళ్ళీ పూత పూయిస్తే గాలి ఆడే సున్నపు పూత మేలు. మూటలను గోడకు జానెడు ఎడంగా, చెక్కల మీద పేర్చండి. చెమ్మ పూర్తిగా పోకపోయినా తప్పక తగ్గుతుంది.

ఇంకొక మాట. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోతే వీధి ఎత్తవుతుంది, ఇళ్ళు పల్లంలో పడతాయి. అప్పుడు వీధి నీరంతా గోడల పాలే. పాతది తవ్వి, అదే మట్టానికి కొత్తది వేయమని గ్రామసభలో అడగమని మీ పెద్దలకు చెప్పండి. ఎందుకని వారు అడిగితే ఆ రెండు ఇటుకల జతలను చూపించండి.