జాబులను దాచుటయు, చదువుటయు

మా బాల్యమున మా తాతగారి యింట గోడకు వ్రేలాడు నొక యినుపతీగె యుండెడిది. దానికి కార్డులును, కవర్లును, మనియార్డరు రసీదులును గుచ్చియుండెడివి. జాబు రాగానే తాతగారు కండ్లజోడు పెట్టుకొని చదివెడివారు, ఇంటివారికి వినిపించెడివారు, జవాబు వ్రాసెడివారు, ఆ మీదటనే దానిని తీగెకు గుచ్చెడివారు. జవాబు వ్రాయని జాబు దిండుక్రింద నుండి వారిని బాధించుచుండెడిది. తీగెకెక్కిన జాబనగా పని తీరిన జాబని యర్థము.

ఇప్పుడు జాబులు ఈమెయిలు రూపమున వచ్చుచున్నవి. రే టామ్లిన్‌సన్ అను అమెరికా దేశపు ఇంజనీరు 1971లో ఒక కంప్యూటరునుండి వేఱొక కంప్యూటరునకు ఇట్టి జాబును పంపి, మనుష్యుని పేరునకును కంప్యూటరు పేరునకును నడుమ ‘ఎట్’ గుర్తు నుంచెను. 2004 ఏప్రిల్ 1వ తేదీన జీమెయిల్ వెలువడి ప్రతివానికి 1 గిగాబైటు చోటు నిచ్చెను. అంతకుముందు ఉచితముగా లభించుచుండినది కొలది మెగాబైట్లే. నాటినుండి ప్రాత జాబును చింపివేయవలసిన యగత్యము తప్పినది. కావలసిన దానిని వెదకి పట్టుట మాత్రము కష్టమైనది.

ఈ కష్టమును దీర్చుటకు ఎవర్‌నోట్, నోషన్ మొదలగు డిజిటల్ నోట్సు పుస్తకములు వచ్చినవి. ఎవర్‌నోటు తన చందాదారునకు ప్రత్యేకముగా నొక ఈమెయిలు చిరునామా నిచ్చును. దానికి పంపిన జాబు దానంతట నదే పుస్తకమున నొక పుట యగును. నోషనునకును జీమెయిలునకును నడుమ జేపియర్ వంటి మధ్యవర్తి ప్రోగ్రాములు పనిచేయును. ఇక జీమెయిలునందు ఫిల్టరు అను నియమము నేర్పఱచినచో, ఫలానివారి జాబు రాగానే దానిని ఫలాని చోటికి పంపుమని యొకమాఱు చెప్పి మఱచిపోవచ్చును. మఱచిపోవుటయే ఇందలి సుఖము. మా ఫిర్యాదును ఆ మఱపును గూర్చియే.

నకలు తీయవలెనను కోరిక క్రొత్తది కాదు. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాట్టు 1780లో జాబుల నకళ్లు తీయు యంత్రమునకు పేటెంటు పొందెను. తడిపిన పలుచని కాగితమును తాజా సిరాపై నొత్తినచో అక్షరములు అద్దములోవలె తిరుగబడి పడును. కాగితము పలుచనిదగుటచే వెనుకవైపునుండి చదువవచ్చును. అయినను ఒక్కొక్క జాబును ఒక మనుష్యుడు చేతబట్టి యొత్తవలసి యుండెను. నేటి ఫిల్టరునకు చేయితో పనిలేదు, కంటితోను పనిలేదు.

గత విద్యాసంవత్సరారంభమున మా పాఠశాలకు తలిదండ్రులు వ్రాయు ఈమెయిళ్లన్నియు తరగతులవారీగా ఒక నోట్సు పుస్తకమున చేరునట్లు మేమే యేర్పాటు చేసితిమి. పూర్వపు జాబులుకూడ వచ్చి చేరునని రెండు దినములు వేచియుంటిమి. ఫార్వర్డు నియమము ఇకముందు వచ్చు జాబులకే కాని వచ్చియున్నవానికి వర్తింపదని పిమ్మట తెలిసికొంటిమి. ఇన్‌బాక్సు పలుచగా నుండవలెనను నాశతో, జాబు ఇన్‌బాక్సునకు రాకయే దాటిపోవునట్లు చేయు గడియందును టిక్కు పెట్టితిమి. పుస్తకమున పుటలు పెరుగుచుండెను. వానిని చూచి మేమెంతయో సంతోషించితిమి.

ఒకనాటి సాయంకాలము బడి విడిచిన వెనుక ఒక తల్లి గేటువద్ద నిలువబడి, "అయ్యగారూ, నేను వ్రాసిన జాబు మీకు చేరలేదాండీ?" అని యడిగెను. వెదకితిమి. చేరినది. 11 దినములనుండి భద్రముగా నున్నది. భర్త ఆసుపత్రిలో నున్నాడనియు, ఫీజు చెల్లించుటకు కొంత గడువు కావలెననియు, ఈ సంగతి పిల్లవానికి తెలియనీయవలదనియు ఆమె వ్రాసియుండెను. ఆ పుస్తకమును తెఱచు నధికారము ఉపాధ్యాయులందఱకును మేమే యిచ్చియుంటిమి. ఎవరో చదివిరి; మంచి మనస్సుతోనే "మీ నాన్నగారికి ఎట్లున్నది?" అని పిల్లవాని నడిగిరి. చదువవలసిన మేము చదువలేదు, తెలియరానివానికి తెలిసినది. ఆ తల్లికి మేము చెప్పిన సమాధానమును ఇచ్చట వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము.

యంత్రముపై నేరము మోపుట న్యాయము కాదు. అది చెప్పినట్లు చేసినది. తాతగారి వరుసను మేము తలక్రిందు చేసితిమి: చదువకముందే తీగెకు గుచ్చితిమి.

మా సహోపాధ్యాయులలో చిన్నవారొకరు దీనికి సమ్మతింపరు. చేతితో దాచెదమనువారు సగము జాబులు దాచుట మఱతురనియు, యంత్రము మఱవదనియు వారి వాదము. ఇందు సత్యము కలదు. మేమే రెండు పరీక్షల సర్క్యులర్లను పోగొట్టుకొని, పొరుగు పాఠశాలనుండి తెప్పించుకొంటిమి. కరెంటు బిల్లులు, రైలు టిక్కెట్లు, సర్క్యులర్లు, ఫీజు రసీదులు, ఇట్టివానిని ఫిల్టరు దాచుటయే మేలు. అవి యెవరి జవాబునకై యెదురుచూచునవి కావు. మనుష్యుడు మనుష్యునికి వ్రాసిన జాబును వానితోబాటు ఒకే జల్లెడలో వేయుటకు మాత్రము మే మొప్పము. 2023లో మన దేశమున చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి సమాచార విషయమున ప్రత్యేక బాధ్యతలు విధించినది. చట్టము లేకున్నను ఆ తల్లి మాట మాకు చాలును.

వేఱొక సంగతి. ఈ పుస్తకములు పరుల యిండ్లలోని బీరువాలు. 2023 చివర ఎవర్‌నోటు ఉచితముగా వాడుకొనువారికి 50 పుటలును, ఒక్క పుస్తకమును మాత్రమే యని హద్దు విధించెను. వ్యాపారము వారిది, హద్దు వారిది, తప్పుపట్టుట లేదు. ముఖ్యమైన జాబుల నకలు వేఱొకచోటకూడ నుంచుట మంచిది.

ఇప్పుడు మా పద్ధతిని మార్చితిమి. ఆ టిక్కును తీసివేసితిమి. తలిదండ్రుల జాబు ఇన్‌బాక్సునందే నిలుచును. చదివి, జవాబు వ్రాసిన పిమ్మట దానికి మా చేతితో నొక లేబులు తగిలింతుము. ఆ లేబులును చూచిన తర్వాతనే మధ్యవర్తి ప్రోగ్రాము దానిని పుస్తకమునకు చేర్చును. పుస్తకమును ఆయా తరగతి యుపాధ్యాయుడును, ప్రధానోపాధ్యాయులవారును మాత్రమే తెఱవగలరు. సాయంకాలము బడి విడిచిన వెనుక ఇందులకు మాకు అరగంట పట్టుచున్నది.

తలిదండ్రులకు మా విన్నప మొక్కటి. జాబు పైభాగమున విషయము వ్రాయు వరుసలో పిల్లవాని పేరును, తరగతిని వ్రాయుడు. ఆ వరుసయే పుస్తకమున పుటకు శీర్షిక యగుచున్నది. ‘లీవు’ అను శీర్షికతో మా యొద్ద ఇప్పటికి 36 పుటలున్నవి.