తేనీరు కాచుట ఎవరి పని?

హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో డికాక్షను వేరు, చిక్కగా కాచిన పాలు వేరు; రెండూ కప్పులోనే కలుస్తాయి. అక్కడ పొయ్యి వద్ద నిలిచేవారు చాలావరకు పురుషులే. ఇంటిలో ఒకే గిన్నెలో కాచే మసాలా చాయ్ మాత్రం స్త్రీల పని అయినది. హోటలులో నామోషీ కానిది ఇంట్లో ఎట్లా అవుతుంది?

ఇది కష్టమైన విద్య కాదు. రెండు కప్పులకు ఒకటింబావు కప్పు నీటిలో దంచిన అల్లం, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు వేసి 5 నిమిషాలు మరిగించవలెను. పచ్చి అల్లంలోని ఎంజైము పాలను విరుగగొట్టగలదు. వేడికి అది నశిస్తుంది. కనుకనే అల్లం ముందు, పాలు తరువాత. పిదప రెండు చిన్న చెంచాల తేయాకు, ఒక కప్పు పాలు, చక్కెర చేర్చి పొంగు రానివ్వవలెను. 1930వ దశకంలో అస్సాంలో మొదలైన సి.టి.సి. పద్ధతి వలన వచ్చిన గుళికల పొడి త్వరగా రంగు దిగుతుంది. అతిగా మరిగిస్తే వగరెక్కుతుంది. ఏలకులు దించే ముందే వేయవలెను. లేకున్న సువాసన ఆవిరితో పోతుంది.

మొత్తం పావుగంట పని. పరీక్షల రాత్రులలో కుమారుని కొరకు తల్లి నిద్ర మానుకొని లేస్తున్నది. అదే ఇంట చెల్లెలికీ పరీక్షలున్నవి. పుస్తకం మూయవలసినది ఆమెయేనా? సమానత్వంపై వక్తృత్వపు పోటీలలో బహుమతులందుకొనే మన విద్యార్థులు ముందుగా ఒక కప్పు తేనీరు స్వయంగా కాచి తల్లికి అందించవలెనని మా మనవి.