ఊరికే తిరగడం

ఏడాది చివర ఆడవాళ్ళని ‘ఎక్కడెక్కడ తిరిగావు?’ అని అడిగే గొంతులో వెటకారం ఉంటుంది. మగవాడు తిరిగితే లోకజ్ఞానం, మనం తిరిగితే ‘తిరుగుడు మరిగింది’!

ఈ ఏడంతా కల్వకుర్తి నుంచి బస్సుల్లో తిరిగాను. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి జీరో టికెట్టు వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే వెక్కిరింత: ‘పని లేకున్నా తిరుగుతున్నరు.’

పనుంటేనే ఆడది గడప దాటాలన్న షరతు ఎవరు పెట్టారు? కూతురి కాన్పుకి వెళ్తే సరే, ఊరికే నాగర్‌కర్నూల్ చూసొస్తే నేరమా?

డ్యాములకీ, కాలవలకీ, ముంబయి మేడలకీ మట్టి మోయడానికి పాలమూరు ఆడవాళ్ళు చంకన బిడ్డలతో దేశమంతా తిరిగారు. దాన్ని తిరుగుడన్లేదు, వలసన్నారు. కూలి కోసం ఎంత దూరం పోయినా అభ్యంతరం లేదు. ఇష్టంతో పోతేనే కళ్ళమంట.

మన సాహిత్య చరిత్రా తక్కువ తిన్లేదు. యాత్రా సాహిత్యమంటే ఏనుగుల వీరాస్వామి 1830-31 కాశీయాత్రతో మొదలు. 1873లో ఇంగ్లండు వెళ్ళి, 1876లో ఆ అనుభవాలు అచ్చువేసిన పోతం జానకమ్మ ఎన్ని పాఠాల్లో ఉంది? ఇక ముంబయి నుంచి తిరిగొచ్చిన కూలితల్లి చెప్పేది యాత్రాకథనమని ఎవరొప్పుకుంటారు?

టికెట్టు తీసేస్తే స్వేచ్ఛ రాదు. సరిపడా బస్సులు, శుభ్రమైన మరుగుదొడ్లు, చీకటిపడ్డా భయం లేని బస్టాండు కావాలి. ప్రశ్నలు వాటి మీద వెయ్యండి. కొత్త ఏడాదిలో ‘ఎక్కడికి, ఎందుకు?’ అని మమ్మల్నడిగితే జవాబు ఒక్కటే: ఊరికే.