ఆడని ఆట

ఆటగాని చరిత్రను మనము పరుగుల పట్టికలలో వెదకుచుందుము. ఆడిన ఆటకు అందు చోటు కలదు. ధర్మమునకై మానుకొన్న ఆటకు చోటు లేదు. విజయ్ మర్చంటు గారి జీవితమును తలచునపుడెల్ల ఈ లోపము మాకు తోచుచుండును.

పట్టిక చెప్పునది స్వల్పమని మా యభిప్రాయము కాదు. 1933 మొదలు 1951 వరకు ఆయన పది టెస్టులాడి, మూడు శతకములతో 859 పరుగులు చేసిరి. ఫస్టుక్లాసు ఆటలలో ఆయన సగటు 71.64. చిరకాలమాడినవారిలో ఈ లెక్కన ఆయనను మించినవాడు ఆస్ట్రేలియా దేశీయుడగు బ్రాడ్‌మన్ ఒక్కడే. 1936 జూలైలో మాంచెస్టరునందు మనజట్టు 368 పరుగులు వెనుకబడియుండగా, మర్చంటు, ముస్తాక్ ఆలీ గారలు రెండవ ఇన్నింగ్సు నారంభించి, విడివడకమునుపే 203 పరుగులు కూర్చి ఓటమిని తప్పించిరి.

అయినను ఆయన యోగ్యతకు తొలి నిదర్శనము 1932లోనే కనబడినది. ఆ జనవరిలో ప్రభుత్వమువారు గాంధీ మహాత్ముని చెరసాలకంపిరి. సత్యాగ్రహులు వేలకొలదిగా కారాగారములను నింపిరి. ఆ వేసవిలోనే మన జట్టు తన మొట్టమొదటి టెస్టునకై ఇంగ్లండునకు పయనమైనది. మర్చంటు గారికప్పుడు ఇరువదియేండ్లు. నాయకులు బందీలైయుండగా తాము పోజాలమని ఆయనయు, ఎల్. పి. జై గారును నిలిచిపోయిరి. బొంబాయి హిందూ జింఖానావారి నిశ్చయమును అదియే.

పోయినవారు దేశద్రోహులా? కానేకారు. తెలుగు కుటుంబమున జనించిన సి. కె. నాయుడు గారు ఆ జట్టునకు నాయకులై, లార్డ్స్ మైదానమున మన మొదటి ఇన్నింగ్సులో అందరికంటె మిన్నగా 40 పరుగులు చేసిరి. పాలకుల యెదుట పాలితుడు తలయెత్తి నిలుచుటయు సేవయే. కాని పోయినవారి పౌరుషమును లోకము చూచినది. పోనివారి త్యాగమును చూచినవారు కొలదిమంది.

మిల్లు యజమానుల బిడ్డకు ఇందేమి నష్టమని కొందరందురు. ధనముతో పడవ టిక్కెట్టు కొనవచ్చును గాని, గడచిన యౌవనమును కొనవచ్చునా? ఆటగానికి ఆస్తి వయస్సే. 1936 తరువాత పదియేండ్లు మనకు టెస్టులు లేకయే గడచినవి. పదునెనిమిదేండ్లలో దక్కినవి పది టెస్టులే, అన్నియు ఇంగ్లండుపైననే. అట్టివానికి ఒక్క యవకాశమును విడుచుట తేలికగాదు.

పుచ్చుకొనుటయే తెలిసినవారును ఆనాడుండిరి. 1936 జట్టునకు కప్తాను మన విజయనగర మహారాజకుమారుడు. బ్యాటుబలముకంటె పలుకుబడి యాయనను ఆ పీఠమెక్కించినది. ఆ యేటనే ఆంగ్లప్రభువులు సర్ బిరుదమిచ్చిరి. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. మర్చంటును రనౌటు చేయింపుమని ఆయన తనతో చెప్పెనని ముస్తాక్ ఆలీ గారు తమ స్వీయచరిత్రలో వ్రాసిరి. ఆ బిరుదమును ఆయన 1947లో త్యజించిరి. స్వరాజ్యము గుమ్మమున నిలిచినపుడు విడిచినదానికిని, చెరసాలలు నిండియుండగా విడిచినదానికిని గల తారతమ్యమును పాఠకులే యెరుగుదురు.

నేడు ఆటగాండ్ర వెల వేలములో కోట్ల లెక్కన పలుకుచున్నది. శ్రమకు తగిన ఫలము లభించుట మాకును సంతోషమే. అయితే మన బాలురకు కంఠస్థమగుచున్నది వెలయేగాని విలువ కాదు. ఒక మనుజుడు దేనిని సంపాదించెనని యడుగుటతో పాటు, దేనిని వలదనెనని కూడ అడుగుట వారికి నేర్పవలెను.

1932 టెస్టు లెక్కలలో మర్చంటు గారి పేరున సున్నయైనను లేదు. ఆ ఖాళీచోటును చదువనేర్చిన నాడే మనకు ఆయన చరిత్ర పూర్తిగా తెలిసినట్లు.